నల్లబడిన పాలిష్ అల్యూమినియం చక్రాలను ఇంట్లోనే మెరిపించడం ఎలా?

సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు, రెండు మూడేళ్లు బండిని సెల్లార్‌లో వదిలేసి విదేశాల నుంచి తిరిగొచ్చినవాళ్లు తరచూ అడిగేది ఒకటే. "చక్రాలు ఒకప్పుడు అద్దంలా ఉండేవి. ఇప్పుడు బూడిద రంగుకి తిరిగి తెల్ల మచ్చలు పడ్డాయి. ఏ పాలిష్ కొనమంటారు?"

పాలిష్ సంగతి తర్వాత చూద్దాం. ఆ డబ్బా మూత తీయకముందే పని చాలావరకు తేలిపోతుంది. చక్రం మీద ఏముందో ముందు తెలుసుకోవాలి. ఆ తర్వాత వాటర్ పేపర్‌ను (తడిపి రుద్దే ఉప్పుకాగితం) ఓపిగ్గా, నంబరు దాటవేయకుండా రుద్దాలి. ఈ రెండూ సరిగ్గా చేస్తే మామూలు పాలిష్‌తో కూడా ముఖం కనిపిస్తుంది. చేయకపోతే ఎంత ఖరీదైన పాలిష్ పూసినా రెండు వారాల్లో మళ్లీ మొదటికొస్తుంది.

ముందుగా తేల్చుకోవాల్సింది: మీది ఉత్త లోహమేనా?

మన దగ్గర కంపెనీ నుంచి వచ్చే అల్లాయ్ చక్రాల్లో ఎక్కువ భాగం ఉత్త అల్యూమినియం కావు. వాటి మీద పెయింట్, ఆ పైన క్లియర్ కోట్ (రంగులేని పారదర్శక పూత) ఉంటాయి. డైమండ్ కట్ అని పిలిచే రెండు రంగుల చక్రాలకు మెరిసే ముఖం మీద కూడా క్లియర్ కోట్ ఉంటుంది. పూత లేని పాలిష్ అల్యూమినియం ఎక్కువగా బయట కొని వేయించుకున్న చక్రాల్లో, వెడల్పాటి అంచున్న పాత డిజైన్లలో, అమెరికాలో పికప్ ట్రక్కులకు కనిపిస్తుంది. పాత బుల్లెట్ ఇంజిన్ కవర్లకూ ఈ పద్ధతే పనికొస్తుంది.

ఇంట్లో చేసుకోగలిగిన పరీక్షలు ఇవి.

గుడ్డ పరీక్ష: చక్రాన్ని ఒకచోట శుభ్రంగా కడిగి ఆరనివ్వండి. తెల్లటి గుడ్డ మీద బఠాణీ గింజంత మెటల్ పాలిష్ వేసి, రూపాయి బిళ్లంత మేర అర నిమిషం రుద్దండి. గుడ్డ కాటుక రాసినట్టు నల్లబడితే ఉత్త అల్యూమినియం. పాలిష్ రంగు పాలిష్‌లాగే ఉండిపోతే మధ్యలో పూత ఉంది. మురికి మీద రుద్దినా గుడ్డ నల్లబడుతుంది కాబట్టి కడగకుండా ఈ పరీక్ష చేయొద్దు.

మల్టీమీటర్ పరీక్ష: ఇంట్లో మల్టీమీటర్ ఉంటే కంటిన్యుటీలో పెట్టి, రెండు పిన్నులనూ చక్రం మీద వేళ్ల దూరంలో తేలిగ్గా ఆనించండి. కూత వస్తే ఉత్త లోహం. రాకపోతే క్లియర్ కోటో, అనోడైజింగో (కరెంటుతో లోహం మీద మందంగా పెంచిన ఆక్సైడ్ పొర) ఉన్నట్టు. గట్టిగా గుచ్చితే పిన్ను పూతను చీల్చుకుని లోపలికి దిగి తప్పు జవాబు చెబుతుంది.

కంటి పరీక్ష: పూత కింద వంకర టింకరగా పురుగు పాకినట్టు తెల్లటి చారలు కనిపిస్తున్నాయా? అది క్లియర్ కోట్ కిందికి తేమ దూరి లోహాన్ని తినడం. పైన ఎంత రుద్దినా పోదు, పూత తీయాల్సిందే.

ఇంట్లో ముట్టుకోకూడని చక్రాలూ ఉన్నాయి. డైమండ్ కట్ ముఖం మీద దగ్గరగా చూస్తే సన్నటి గుండ్రని గీతలు వరుసగా ఉంటాయి. అది లేత్ మిషన్ మీద తీసిన ముఖం, చేత్తో రుద్దితే ఆ గీతలు చెదిరి చక్రం మచ్చలు మచ్చలుగా తయారవుతుంది. క్రోమ్ పూత చక్రం అయితే వాటర్ పేపర్ దగ్గరికి కూడా రానివ్వొద్దు, పూత ఒకసారి గీసుకుపోతే మళ్లీ రాదు. అనోడైజ్ చేసిన చక్రం మెరుపు తగ్గితే దాన్ని ఆ పని తెలిసిన షాపుకే ఇవ్వండి.

కావలసినవి

- జాకీ, జాకీ స్టాండ్, వీల్ పానా, వీలైతే టార్క్ రెంచ్ (నట్ల బిగువు కొలిచే పానా)
- రెండు బకెట్లు, కార్ షాంపూ, మెత్తటి బ్రష్, పాత టూత్‌బ్రష్
- ఐరన్ రిమూవర్, తారు పోగొట్టే ద్రవం లేదా టర్పెంటైన్
- వాటర్ పేపర్లు: 400, 600, 800, 1000, 1500, 2000 నంబర్లు (నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది). ఒక్కో చక్రానికి నంబరుకు రెండేసి షీట్లు ఉంచుకోండి
- పేపర్ చుట్టడానికి రబ్బరు దిమ్మె, మూలలకు స్పాంజి ముక్క
- మెటల్ పాలిష్ (ఆటోసోల్, మదర్స్ లాంటివి అల్యూమినియానికి బాగా పనిచేస్తాయి)
- శుభ్రమైన కాటన్ బనియన్ గుడ్డలు, మైక్రోఫైబర్ గుడ్డలు
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, వీల్ సీలెంట్
- గ్లౌజులు, కళ్లద్దాలు, మాస్కు

మిషన్‌తో చేయదలిస్తే స్పీడ్ తగ్గించుకోగల డ్రిల్లో పాలిషరో, దానికి తగిన కాటన్ బఫ్‌లు (మెరిపించే గుడ్డ చక్రాలు), వాటికి రాసే బఫ్ సోపులు కూడా కావాలి. ఇవి హైదరాబాద్‌లో రాణీగంజ్ వైపు, విజయవాడ ఆటోనగర్‌లో, చాలా ఊళ్లలో పెద్ద హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి.

వాడకూడనివి

అల్యూమినియానికి యాసిడ్ పడదు, క్షారమూ పడదు. ఇనుముకో ఇత్తడికో పనిచేసిన చిట్కా దీని మీద పనిచేస్తుందనుకుంటే చక్రం పోయినట్టే.

బాత్‌రూమ్ యాసిడ్, టాయిలెట్ క్లీనర్ పోస్తే మురికితో పాటు లోహమూ కరుగుతుంది. కడిగిన వెంటనే తెల్లగా శుభ్రంగా అనిపిస్తుంది, ఆరాక చూస్తే సున్నం వేసిన గోడలా మసకబారి ఉంటుంది. కాస్టిక్ సోడా ఇంకా ఘోరం, అల్యూమినియంతో కలిసి బుసబుసా పొంగుతుంది, ఉపరితలం నల్లగా మాడినట్టు అవుతుంది. చాకలి సోడా, బూడిద కూడా క్షారాలే. ఇడ్లీ పాత్ర అడుగు నల్లబడటం మీకు తెలిసిందే కదా, బోరు నీళ్లలో ఉండే క్షారం ఆ లోహాన్ని చేసేదీ ఇలాంటిదే.

చింతపండు ఇత్తడికి మంచిదే కానీ ఇక్కడ దానితో పని లేదు. ఇనుప పీచు అస్సలు వద్దు. దాని సన్నటి ముక్కలు లోహంలో ఇరుక్కుని తుప్పు చుక్కలుగా బయటపడతాయి. గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బర్ కూడా మెరిసే ముఖం మీద వద్దు.

ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. 'వీల్ యాసిడ్' పేరుతో లేబుల్ లేని డబ్బాల్లో దొరికే కొన్ని ద్రవాల్లో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉండొచ్చు. చర్మం మీద పడితే మొదట్లో మంట కూడా తెలియకపోవచ్చు, కానీ లోపలికి ఇంకి ఎముక దాకా పోతుంది, ప్రాణం మీదికి తెస్తుంది. లోపల ఏముందో రాయని సీసాను కొనకండి. సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు కూడా చక్రాలకు యాసిడ్ కొట్టొద్దని ముందే చెప్పండి. పొరపాటున పడితే వెంటనే ధారగా నీళ్లు పోస్తూ ఆసుపత్రికి వెళ్లాలి, వెళ్లేటప్పుడు ఆ సీసా వెంట తీసుకెళ్లాలి.

పని మొదలు

1. ఒక్కో చక్రం విప్పండి.

నాలుగూ ఒకేసారి విప్పకండి. ఒకటి విప్పి దాని స్థానంలో స్టెప్నీ వేసి పెట్టుకుంటే బండి నేల మీద క్షేమంగా ఉంటుంది. ఒక్కో చక్రానికి సగం రోజైనా పడుతుంది కాబట్టి ఆదివారానికి ఒకటి అనుకుని మొదలుపెట్టండి. హ్యాండ్ బ్రేక్ వేసి, ఎదురు చక్రానికి రాయి అడ్డం పెట్టి, బండి నేల మీద ఉండగానే నట్లు కొద్దిగా వదులు చేసుకున్నాకే జాకీ ఎత్తండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని బండి కింద చెయ్యి పెట్టొద్దు.

చాలాకాలం కదలని చక్రం హబ్‌కి (చక్రాన్ని బిగించే ఇరుసు భాగం) అతుక్కుపోయి ఉంటుంది. అల్యూమినియం, ఇనుము తడిలో కలిసి ఉంటే అక్కడ తెల్లటి పొర పెరిగి పట్టేస్తుంది. రెండు నట్లను కొన్ని చుట్ల మీద ఉంచి, వెనక నుంచి టైరు మీద రబ్బరు సుత్తితో కొట్టండి. రిమ్ మీద ఇనుప సుత్తి వేయకండి.

2. కడగండి.

ఎండలో, వేడి చక్రం మీద వద్దు. ముందు నీళ్లు కొట్టి వదులు మట్టి పోగొట్టి, తర్వాత షాంపూతో లోపలి గుండ్రం, నట్ల గుంతలు, పుల్లల (స్పోక్‌ల) వెనక అన్నీ తోమండి. ఇసుక రేణువు ఒక్కటి మిగిలినా తర్వాత పేపర్ కింద పడి గీత పెడుతుంది.

3. బ్రేక్ డస్ట్, తారు తీయండి.

కడిగాక కూడా గోధుమరంగు చుక్కలు మిగిలితే అవి బ్రేక్ డిస్క్ నుంచి, ప్యాడ్ నుంచి రాలి వేడిగా ఉన్నప్పుడే అతుక్కున్న ఇనుప రేణువులు. ఐరన్ రిమూవర్ కొట్టి రెండు మూడు నిమిషాలు ఆగితే ఊదారంగు కారుతుంది. వాసన ఘాటుగా ఉంటుంది, గాలి ఆడే చోట చేయండి. ఆరిపోనివ్వకుండా కడగాలి. మొదట చక్రం వెనక చిన్న చోట కొట్టి మచ్చ పడటం లేదని చూసుకున్నాకే ముందు వైపు కొట్టండి. ఊదారంగు రావడం తగ్గేదాకా రెండోసారి, మూడోసారి చేయొచ్చు.

తారు చుక్కలకు టర్పెంటైన్ తడిపిన గుడ్డ ఆనించి నిమిషం ఉంచి తుడిస్తే చాలు. దగ్గర్లో సిగరెట్, పొయ్యి ఉండకూడదు.

4. పగుళ్లు ఉన్నాయా చూడండి.

శుభ్రమైన చక్రాన్ని వెలుతురులో తిప్పుతూ పుల్లలు గుండ్రానికి కలిసే చోట, నట్ల గుంతల చుట్టూ, లోపలి అంచున వేలితో తడుముతూ చూడండి. వెంట్రుకంత గీతైనా అనుమానించాలి. టైరు గాలి తరచూ తగ్గుతోందా? అంచు చుట్టూ సబ్బునీళ్లు పోస్తే బుడగ ఎక్కడ వస్తుందో తెలుస్తుంది. బుడగ టైరు, రిమ్ కలిసే చోట వస్తే చాలాసార్లు అక్కడ పేరుకున్న తెల్లపొడి కారణం, పంక్చర్ షాపులో టైరు విప్పించి మెత్తగా శుభ్రం చేయిస్తే సరిపోతుంది. లోహంలోనుంచే వస్తే పగులు ఉన్నట్టు. పగిలిన చక్రాన్ని మెరిపించి లాభం లేదు, వెల్డింగ్ చేయించి మళ్లీ రోడ్డెక్కించకండి, మార్చేయండి.

5. క్లియర్ కోట్ ఉంటే తీయండి.

పరీక్షలో ఉత్త లోహం అని తేలితే ఈ మెట్టు వదిలేయండి. పూత ఉండి, అది బాగానే ఉంటే దాన్ని తీయడం కూడా వద్దని నా సలహా. కారు పెయింట్‌కి వాడే పాలిష్‌తోనే మెరుస్తుంది. ఉత్త లోహం చూడటానికి బాగుంటుంది కానీ జీవితాంతం సేవ అడుగుతుంది.

పూత పొరలుగా లేచిపోతుంటే మాత్రం పెయింట్ రిమూవర్ కావాలి. కాస్టిక్ ఉన్నది కాకుండా, అల్యూమినియానికి వాడొచ్చని రాసి ఉన్నదే కొనండి. టైరును ప్లాస్టిక్ కవరుతో మూయండి. రిమూవర్ మందంగా పూసి పది పదిహేను నిమిషాలు ఉంచితే పూత బుడగలుగా లేస్తుంది. ప్లాస్టిక్ చెక్కతో గీకండి, ఇనుప చాకు వద్దు. మందం గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. సెల్లార్‌లో మూసిన చోట చేయొద్దు, ఆ ఆవిరి తల తిప్పేస్తుంది.

6. టైరును కాపాడుకోండి.

టైరు విప్పకుండానే చేయొచ్చు. వాల్వ్ పిన్ తీసి గాలి చాలావరకు వదిలేస్తే టైరు అంచు కాస్త వెనక్కి నొక్కుకుంటుంది. ఆ సందులో పాత శుభలేఖల అట్టను ముక్కలుగా కోసి చుట్టూ దూర్చండి. శుభలేఖ అట్ట మందంగా, గట్టిగా ఉంటుంది కాబట్టి పేపర్ పొరపాటున తగిలినా టైరు గీసుకోదు. దాని మీద మాస్కింగ్ టేప్ వేస్తే సరి.

నట్లు కూర్చునే గుంతల లోపలి వాలును, చక్రం హబ్‌కి ఆనే వెనక ముఖాన్ని పేపర్‌తో రుద్దకండి. అక్కడ కొద్దిగా తేడా వచ్చినా నట్లు సరిగ్గా పట్టవు.

7. ఏ నంబరుతో మొదలుపెట్టాలో తేల్చుకోండి.

అందరూ తప్పు చేసేది ఇక్కడే. చక్రం నల్లగా ఉందని నేరుగా 400 పట్టుకుంటారు. పైపైన మసకే ఉన్న చక్రానికి 400 గీతలు పెడితే వాటిని పోగొట్టడానికి అదనంగా ఒక రోజు పోతుంది.

చక్రం మీద అరచేతి మేర చోటు తీసుకోండి. ముందు ఉత్త పాలిష్‌తో రుద్ది చూడండి. మసక పోతే పేపరే అక్కర్లేదు. పోకపోతే అదే చోట 2000, అదీ చాలకపోతే 1000, అలా గరుకు పెంచుకుంటూ రండి. తెల్ల చుక్కలు ఏ నంబరు దగ్గర పోతాయో అదే మీ మొదటి నంబరు. చిన్న గుంటలు పడిన చక్రానికి 600, రోడ్డు అంచుకు గీసుకుపోయిన చోట 400 సాధారణంగా సరిపోతుంది. గీసుకుపోయిన చోట పైకి లేచిన కరుకును మాత్రం సన్న ఆకురాయితో మెల్లగా సమం చేసి అప్పుడు పేపర్ పట్టండి.

గుంట అడుగు దాకా వెళ్లాలని పట్టుబట్టొద్దు. ప్రతి గుంట కోసం చుట్టూ లోహం తీస్తూ పోతే అంచు అలలు అలలుగా అవుతుంది, ఎండలో చూస్తే ఇట్టే తెలిసిపోతుంది. అక్కడక్కడా రెండు మూడు చుక్కలు మిగిలినా నాలుగడుగుల దూరం నుంచి కనిపించవు. గుంటల్లో పుట్టీ పెట్టొద్దు, మెరిసే లోహం మధ్య అది బూడిదరంగు మచ్చలా నిలుస్తుంది.

8. వాటర్ పేపర్ రుద్దండి.

పేపర్లను ముందే పావుగంట నీళ్లలో నానబెట్టండి. నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు వేస్తే పేపర్ తొందరగా మూసుకుపోదు. తడిగా రుద్దడానికి ఇంకో కారణం కూడా ఉంది. అల్యూమినియం పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మంటకు అంటుకునే గుణమూ ఉంది. గ్రైండర్ నిప్పురవ్వలు పడే చోట ఎండు పొడి పేరుకోనివ్వకండి.

వేళ్లతో నొక్కి రుద్దితే వేళ్లు ఆనిన చోట గాడి పడుతుంది. చదునైన చోట రబ్బరు దిమ్మె, వంపుల్లో స్పాంజి వాడండి. నీళ్లు నల్లటి బురదలా అయితే పేపర్ కోస్తోందని అర్థం. నీళ్లు తేటగానే ఉండి పేపర్ జారిపోతుంటే అది అరిగిపోయింది, మార్చండి.

అసలు కిటుకు దిశలో ఉంది. 600ను గుండ్రం వెంబడి రుద్దారనుకోండి, 800ను ఏటవాలుగా రుద్దండి, 1000ను మళ్లీ గుండ్రం వెంబడి. ఇలా దిశ మారిస్తే పాత నంబరు గీతలు కొత్తవాటికి అడ్డంగా నిలబడి కంటికి దొరికిపోతాయి. ఒకే దిశలో రుద్దుతూ పోతే పాత గీత కొత్త గీతల్లో దాక్కుంటుంది, పాలిష్ అయ్యాక బయటపడుతుంది. అప్పుడు వెనక్కి వెళ్లడం తప్ప దారి లేదు.

నంబరు మార్చేముందు ప్రతిసారీ ఇలా సరిచూసుకోండి. చక్రాన్ని కడిగి పూర్తిగా ఆరనివ్వండి. తడి మీద గీతలు కనబడవు, అందుకే తడిగా ఉన్నప్పుడు అంతా బాగున్నట్టే ఉంటుంది. ఫోన్ టార్చ్‌ని లోహానికి దాదాపు ఆనించి పక్కవాటుగా వేయండి. గీతలన్నీ ఒకే దిశలో, ఒకే సన్నదనంలో ఉంటే ముందుకు వెళ్లండి. అడ్డంగా ఒక్క గీత మెరిసినా అక్కడ ఇంకాస్త రుద్దాలి. ఇంకో ఉపాయం: నంబరు మొదలుపెట్టేముందు పర్మనెంట్ మార్కర్‌తో అక్కడక్కడా గళ్లు గీయండి. సిరా పూర్తిగా పోని చోటుకు పేపర్ చేరలేదన్నమాట. పుల్లల మూలల్లో ఇలాంటివి చాలా దొరుకుతాయి.

నంబరు మారిన ప్రతిసారీ బకెట్లో నీళ్లు పారబోసి కొత్తవి పట్టండి, గుడ్డ కూడా మార్చండి. 400 రేణువు ఒకటి 1500 కింద ఉండిపోతే చేసినదంతా వృథా.

నంబరు దాటవేయొద్దని మళ్లీ చెబుతున్నాను. 600 నుంచి నేరుగా 2000కి దూకితే 2000 పేపర్ ఆ లోతు గీతలను తీయలేదు, పైన నునుపు చేసి వదిలేస్తుంది. 2000 అయ్యేసరికి చక్రం ఇంకా మెరవదు. పాలలాంటి మసక, అందులో మీ ముఖం నీడలా కనిపిస్తుంది. అలా ఉంటే సరైన దారిలోనే ఉన్నారు.

9. పాలిష్ చేయండి.

చేత్తో చేసేవాళ్లకు: బఠాణీ గింజంత పాలిష్, అరచేతి మేర చోటు, గట్టిగా ముందుకూ వెనక్కూ. మొదట నల్లగా వస్తుంది. చాలామంది అది చూసి మురికనుకుని తుడిచేస్తారు. తుడవకండి, నలుపు పల్చబడి కింద మెరుపు కనిపించేదాకా అలాగే రుద్దండి, ఆరిపోకముందే శుభ్రమైన గుడ్డతో తీసేయండి. నల్లబడిన గుడ్డతోనే చివరి తుడుపు తుడిస్తే మసక మిగిలిపోతుంది. పాలిష్ ఎక్కువ వేస్తే గుడ్డ జారుతుంది తప్ప మెరుపు పెరగదు.

మిషన్‌తో చేసేవాళ్లకు: యాంగిల్ గ్రైండర్ మామూలుగా నిమిషానికి 11,000 చుట్ల దాకా తిరుగుతుంది. కాటన్ బఫ్ మీద రాసి ఉన్న గరిష్ఠ వేగం దానికంటే తక్కువైతే బఫ్ చిరిగి ముఖం మీదికి ఎగురుతుంది. డ్రిల్లు సరిపోతుంది. ముందు గోధుమరంగు సోపుతో ఒక బఫ్, తర్వాత తెల్ల సోపుతో వేరే బఫ్. ఒకే బఫ్‌కి రెండు సోపులు కలపొద్దు. బఫ్ ఎప్పుడూ అంచు నుంచి బయటికి జారేలా తిరగాలి, అంచుకు ఎదురుగా తిరిగితే తట్టుకుని చక్రాన్నో మిషన్‌నో విసిరేస్తుంది. చక్రాన్ని పాత టైరు మీద పడుకోబెట్టి కదలకుండా చేసుకోండి. చున్నీ, తువ్వాలు, వదులు చేతుల చొక్కా, చేతికి దారాలు ఏవీ ఉండకూడదు. ఒకేచోట నిలపకండి, లోహం చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే ఆపి చల్లారనివ్వండి.

మూలల్లో మిగిలే నల్లటి జిడ్డుకు వంటింట్లోనే మందు ఉంది. గుప్పెడు మైదా చల్లి పొడి గుడ్డతో తుడిస్తే పిండి ఆ జిడ్డును పీల్చుకుంటుంది. లారీ చక్రాలు మెరిపించేవాళ్లు అమెరికాలో వాడే ఉపాయం ఇది, మన గోధుమపిండితోనూ బాగానే పనిచేస్తుంది.

10. నిజంగా అయిందో లేదో చూడండి.

పాలిష్‌లో ఉన్న నూనె సన్న గీతలను కప్పేస్తుంది. అందుకని మొదటి మెరుపును నమ్మకండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి నూనె తీసేసి, చక్రాన్ని ఎండలోకి తీసుకెళ్లండి. దినపత్రికను చక్రానికి జానెడు దూరంలో పట్టుకుంటే హెడ్‌లైన్ అక్షరాలు తిరగబడి అయినా స్పష్టంగా కనిపించాలి. అక్షరాల అంచులు చెదిరితే ఇంకా పని ఉంది.

పొగమంచులాంటి తెల్లటి మసక అంతటా ఉంటే 2000 నంబరు సరిపడా రుద్దలేదు, లేదా బఫ్ దగ్గర వేడి ఎక్కువైంది. 2000కి వెళ్లి మళ్లీ రండి. ఒకటీ అరా లోతు గీతలు మిగిలితే ఆ చోట మాత్రమే 1000కి దిగి పైకి రండి. గుండ్రని సన్న సుడులు కనిపిస్తే గుడ్డ గరుకైంది లేదా మురికిగా ఉంది. కొత్త బనియన్ గుడ్డతో చివరి విడత మళ్లీ చేయండి.

11. పూత వేయండి, ఆ రోజే.

ఉత్త అల్యూమినియం గాలి తగిలితే క్షణాల్లోనే కంటికి కనపడని ఆక్సైడ్ పొర వేసుకుంటుంది, దాంతో ఇబ్బంది లేదు. తేమ, ఉప్పు, బ్రేక్ డస్ట్ మిగతా పని చేస్తాయి. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి తీర ప్రాంతాల్లో ఉంటే ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. అమెరికా, కెనడా మంచు ప్రాంతాల్లో ఉన్నవాళ్లకు చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు అదే పని చేస్తుంది. చలికాలానికి వేరే చక్రాలు వేసుకోగలిగితే మెరిపించినవి ఇంట్లోనే దాచుకోవడం మంచిది.

ఆల్కహాల్‌తో తుడిచిన చక్రం మీద వీల్ సీలెంట్ పల్చగా పూసి, డబ్బా మీద రాసినంతసేపు ఆగి తుడవండి. రెండో పూత మర్నాడు వేయండి. కార్నూబా మైనం చవగ్గా దొరుకుతుంది కానీ 80 డిగ్రీలు దాటితే కరుగుతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకుల వేడికి అది ఎంతోసేపు నిలవదు. సిరామిక్ కోటింగ్ ఎక్కువ కాలం ఉంటుంది, అయితే మళ్లీ పాలిష్ చేయాలంటే దాన్ని తీయాల్సి వస్తుంది. మెరిపించిన లోహం మీద ఇంట్లో స్ప్రే డబ్బాతో క్లియర్ కోట్ కొట్టొద్దు. అంత నునుపు మీద అది పట్టదు, కొన్నాళ్లకు పొరలుగా లేచి మీరు తీసేసిన స్థితికే తెస్తుంది.

సీలెంట్, పాలిష్, నూనె ఏదీ బ్రేక్ డిస్క్‌కి తగలకూడదు. చక్రం విప్పి చేయమని చెప్పడానికి ఇదొక కారణం.

12. బిగించండి.

హబ్ ముఖం మీద తుప్పు వైర్ బ్రష్‌తో తీసి, యాంటీ సీజ్ గ్రీజు (లోహాలు అతుక్కుపోకుండా చూసేది) పల్చగా రాయండి. బోల్టు మరల మీద మాత్రం రాయొద్దు. నట్లు చేత్తో పట్టించి, ఎదురెదురు వరుసలో బిగించండి. ఎంత బిగించాలో కారు మాన్యువల్‌లో ఉంటుంది, చాలా కార్లకు 100 న్యూటన్ మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి టార్క్ చూడాలి.

చక్రం బిగించేముందే వాల్వ్ పిన్ వేసి గాలి కొట్టించుకోండి, తర్వాత బ్యాలెన్సింగ్ చేయించండి. అంచుకు కొట్టే క్లిప్ బరువులు వద్దని, లోపలి వైపు అంటించేవి వేయమని అడగండి. క్లిప్ మెరిసే అంచును గీస్తుంది, పైగా ఆ చోట తడి నిలిచి మళ్లీ తెల్లపొడి మొదలవుతుంది. ఎయిర్ గన్‌తో నట్లు విప్పేటప్పుడు సాకెట్ గుంత గోడలను గీయకుండా ప్లాస్టిక్ తొడుగున్న సాకెట్ వాడమనండి, లేదంటే మీ పానా మీరే ఇవ్వండి.

తర్వాత చూసుకోవడం

వారానికోసారి మామూలు నీళ్లు, షాంపూ చాలు. కడిగాక తుడవకుండా వదిలేస్తే బోరు నీళ్ల ఉప్పు తెల్ల చుక్కలుగా ఎండిపోతుంది. చాలా ఇళ్లలో ఆర్.ఓ. ఫిల్టర్ నుంచి వదిలేసే నీళ్లతో కారు కడుగుతారు. నీళ్లు వృథా కాకూడదన్న ఆలోచన మంచిదే కానీ, ఫిల్టర్ వేరు చేసిన లవణాలన్నీ ఆ నీళ్లలోనే ఉంటాయి. వాటిని ఇంటి ముందు కడగడానికి వాడుకోండి. చక్రాలకు చివరి కడుగు ఏసీ నుంచి కారే నీళ్లతో చేసి చూడండి, వాటిలో లవణాలు దాదాపు ఉండవు, మరకలు పడవు.

సీలెంట్ ఇంకా ఉందో లేదో తెలుసుకోవాలంటే కడిగేటప్పుడు చూడండి. నీళ్లు ముత్యాల్లా జారిపోతుంటే ఉంది. పొరలా పరుచుకుని నిలిచిపోతుంటే అరిగిపోయింది. అప్పుడు బఠాణీ గింజంత పాలిష్‌తో చేత్తో ఒక విడత రుద్ది, ఆల్కహాల్‌తో తుడిచి, మళ్లీ సీలెంట్ వేయండి. ఆ దశలో చూసుకుంటే చక్రానికి అరగంట పని. అది కూడా వదిలేసి తెల్ల చుక్కలు కనిపించేదాకా ఆగితే 1000 నంబరు పేపర్ నుంచి మొదలుపెట్టాలి.